విశాఖపట్నం చూడటానికి వస్తున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్ వస్తున్నామని చెప్పగానే బంధువులు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. వాటికి ఇక్కడే ఉండేవాళ్ళు చెప్పే జవాబులను ఒకచోట పెట్టాం. టికెట్ ధరలు, వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి అవసరమైన చోట తప్ప రాయలేదు. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

వైజాగ్ చూడటానికి ఎన్ని రోజులు కావాలి?

మూడు రోజులు పెట్టుకోండి. ఒకటి ఊరికి, ఒకటి భీమిలి రోడ్డుకి, ఒకటి అరకుకి. చాలామంది మొదటి రోజు ఆర్కే బీచ్, కైలాసగిరి చూసి, రెండో రోజు అరకు పరుగెత్తి, ఆ రాత్రే రైలెక్కేస్తారు. మధ్యలో భీమిలి రోడ్డు జారిపోతుంది. మా దృష్టిలో విశాఖ మొత్తంలో ఎక్కడా దొరకనిది ఆ రోడ్డు మీదే ఉంది. రెండు రోజులే ఉన్నాయంటే అరకు ఇంకోసారికి వాయిదా వేసుకుని ఊరు, భీమిలి రోడ్డు తీరిగ్గా చూడండి. అరకుకి రానూ పోనూ ప్రయాణంలోనే ఏడెనిమిది గంటలు పోతాయి.

ఏ నెలల్లో రావడం మంచిది?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఎండాకాలంలో ఇక్కడ ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధపెడుతుంది. నీడలో కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ సరిగ్గా అక్టోబరు 12న ఈ ఊరి మీదే తీరం దాటింది. ఆ నెలల్లో టికెట్లు తీసుకున్నవాళ్ళు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుంటూ ఉండాలి. వానాకాలంలో కొండలు పచ్చగా ఉండి అరకు దారి చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఘాట్‌లో కొండచరియలు విరిగి రైలు ఆగిపోయే రోజులూ ఉంటాయి.

ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళడం అవసరమా, బయట నుంచి చూస్తే చాలదా?

తప్పకుండా లోపలికి వెళ్ళండి. బయట నుంచి చూస్తే అదొక నల్లటి ఇనుప గొట్టం, అంతే.

ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరింది. సోవియట్ యూనియన్‌లో కట్టిన జలాంతర్గామి. 1971 యుద్ధంలో పాల్గొంది. 2001లో విధుల నుంచి తప్పించి, ఒడ్డుకు లాగి మ్యూజియంగా మార్చారు. 2002 నుంచి జనం చూస్తున్నారు. పొడవు తొంభై మీటర్ల పైనే ఉన్నా లోపల మనిషి కదలడానికి ఉన్న చోటు చూస్తే గుండె పట్టేసినట్టుంటుంది. ఒక గది నుంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలో ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, తర్వాత రెండో కాలు లాక్కోవాలి. టార్పెడోల పక్కనే పడకలు. వంటగది ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. గోడలు కనపడకుండా గొట్టాలు, మీటర్లు, తిప్పే చక్రాలు. డెబ్బై మందికి పైగా మనుషులు రోజుల తరబడి ఇందులోనే నీళ్ళ కింద ఉండేవారు. చూపించే గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళు. వెనక క్యూ తోసుకొస్తున్నా ఆగి ఒకటి రెండు ప్రశ్నలు అడగండి, ఎంతో ఇష్టంగా చెబుతారు.

సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా తెరిచి ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడకండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, ఇరుకు అంటే భయపడేవాళ్ళకీ కష్టం.

రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్ళు సముద్రం మీద నిఘా కాసి 2017లో విశ్రాంతి తీసుకుంది. దాని రెక్కల కింద నిలబడి పైకి చూస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది. అక్కడికి దగ్గర్లోనే 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. ఆ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ రేవు ముందరే. దాని శిథిలం ఇప్పటికీ ఇదే సముద్రం అడుగున ఉంది. కుర్సురా చూసి వచ్చాక ఆ స్మారకం దగ్గర నిలబడితే ఘాజీలో ఉన్న మనుషులూ గుర్తొస్తారు.

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంకి జనం తక్కువ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబు అందులో ఉంది. పిల్లలకు చూపించండి. రెండో ప్రపంచ యుద్ధం మన ఊళ్ళ దాకా వచ్చిందని చాలామందికి తెలియదు.

సముద్రంలో స్నానం చేయొచ్చా?

ఆర్కే బీచ్‌లో వద్దు. యారాడలో వద్దు. భీమిలి దారిలో ఖాళీగా, అందంగా కనిపించే ఇసుక తీరాల్లో అసలే వద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సెలవుల్లో పక్క జిల్లాల నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ కొట్టుకుపోయిన వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం. ఎక్కువమంది ఇరవై ఏళ్ళ లోపువాళ్ళే.

ఒడ్డుకి వచ్చిన కెరటాల నీరంతా మళ్ళీ లోపలికి పోవాలి. అది కొన్నిచోట్ల సన్నటి పాయలా కలిసి వేగంగా వెనక్కి పోతుంది. అక్కడ కెరటాలు విరగవు కాబట్టి నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు సరిగ్గా ఆ చోటే ఎంచుకుంటారు. మోకాలి లోతులో నిలబడినా కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. ఎప్పుడైనా అలాంటి పాయలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. పాయ వెడల్పు తక్కువ, దాన్ని దాటితే కెరటాలే ఒడ్డుకు తెస్తాయి. ఈత రానివాళ్ళు కంగారుపడి చేతులు కొట్టుకోకుండా తేలడానికి ప్రయత్నిస్తూ చెయ్యెత్తి పిలవాలి.

నీళ్ళలో దిగాలనే ఉంటే రుషికొండకి వెళ్ళండి. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన బీచ్ అది. స్నానానికి హద్దులు గుర్తు పెట్టిన చోటు, కాపలా కాసే గార్డులు ఉంటారు. ఈల వేస్తే వెనక్కి రండి. అక్కడి గార్డులు, తీరంలోని మత్స్యకారులు ఈ సముద్రాన్ని మనకన్నా బాగా ఎరుగుదురు.

కైలాసగిరి ఎలా ఉంటుంది?

బాగుంటుంది. పైకి రోప్‌వేలో వెళ్ళండి, సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి. శివపార్వతుల విగ్రహాల దగ్గర ఫొటో అందరూ దిగుతారు. ఆ తర్వాత కొండ అంచుకి వచ్చి కుడిచేతి వైపు చూస్తే తీరమంతా విల్లులా వంగి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా కనిపిస్తుంది. దానికోసమే కొండెక్కాలి. సెలవు రోజుల్లో కిందికి దిగేటప్పుడు రోప్‌వే క్యూ చాలా పెద్దగా ఉంటుంది.

భీమిలి రోడ్డులో అంత ఏముంది?

ఊరి నుంచి భీమునిపట్నం (అదే భీమిలి) దాకా సుమారు ముప్పై కిలోమీటర్లు. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. పొద్దున ఏడింటికల్లా బయల్దేరితే అన్నీ అందుతాయి.

మొదట తొట్లకొండ. 1970లలో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు ఈ కొండ మీది శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిపితే రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం తేలింది. స్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉన్న చిన్న చిన్న గదుల పునాదులు, వాననీరు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లు. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఆ గదుల గుమ్మం దగ్గర నిలబడి సముద్రం చూస్తే రోమన్ నాణెం ఈ కొండెక్కిందంటే ఆశ్చర్యం అనిపించదు. కింద ఓడలు ఆగేవి, వర్తకులు పైకి వచ్చేవారు, భిక్షువులకు దానాలు ఇచ్చేవారు. నీడ లేదు. టోపీ, నీళ్ళు తీసుకెళ్ళండి. పురాతన కట్టడాల మీద ఎక్కి ఫొటోలు దిగకండి. బావికొండ, పావురాలకొండ కూడా ఇదే చుట్టుపక్కల ఉన్న ఆరామాలే. బౌద్ధం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండకి ఇంకో పూట కేటాయించుకోవాలి. అక్కడ కొండనే తొలిచి స్తూపాలు చేశారు.

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. రోడ్డు మీద నుంచి చూస్తే జీడిమామిడి తోటల మధ్య కాస్త ఎర్రటి నేల, అంతే. కారు దిగి లోపలికి పది నిమిషాలు నడిస్తే నేల ఒక్కసారిగా రెండు పక్కలా గోడల్లా లేస్తుంది. వాన నీరు కోసిన లోతైన దారుల్లో నడుస్తాం. గోడ మీద వేలితో రాస్తే పొడి ఇసుక రాలుతుంది. నిజానికి ఇది మట్టి కాదు, ఇసుకే. వేల ఏళ్ళ క్రితం సముద్ర మట్టం తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఇటు తెచ్చి పోసింది. రేణువుల మీది ఇనుము తుప్పు పట్టి ఈ ఎరుపు వచ్చింది. సాయంత్రం ఎండ పడితే గోడలు కణకణలాడతాయి. ఇలాంటి తీర దిబ్బలు మన దక్షిణ తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ తప్ప ఈ ప్రాంతంలో ఇంకెక్కడా పెద్దగా లేవు. దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేర్చారు. ఇసుక కాబట్టి అంచులు విరిగిపోతాయి. పైకి పాకొద్దు, బండ్లు లోపలికి తీసుకెళ్ళొద్దు, పేర్లు చెక్కొద్దు. వేల ఏళ్ళు పట్టి తయారైన గోడ ఒక చెప్పు కాలికి కూలిపోతుంది. ఆ సంగతి తెలిసీ ఎక్కేవాళ్ళను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

చివర భీమిలి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ళు ఇక్కడ వ్యాపారం చేసిన రోజుల నాటి సమాధులు, పాత లైట్‌హౌస్, గడియార స్తంభం అన్నీ నడక దూరంలోనే ఉంటాయి. గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. పొద్దున పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు చేరితే చేపల వేలం చూడొచ్చు. హడావుడి లేని ఊరు. ఒక గంట ఊరికే తిరగండి.

సింహాచలం ఎప్పుడు వెళ్ళాలి? నిజరూప దర్శనం ఎప్పుడు?

నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజే, అక్షయ తృతీయ నాడు. మిగతా రోజుల్లో వరాహ లక్ష్మీనరసింహ స్వామి చందనం పూతలోనే ఉంటాడు. ఆ ఒక్కరోజుకి లక్షల్లో జనం వస్తారు. చిన్నపిల్లలు, వయసు పైబడినవాళ్ళతో ఆ రోజు పెట్టుకోకపోవడం మంచిది. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళితే దర్శనం హాయిగా అవుతుంది. శని, ఆదివారాల్లో రద్దీ ఉంటుంది.

దర్శనం అయ్యాక వెంటనే దిగిపోకండి. గుడి పడమర ముఖంగా ఉంటుంది. తూర్పు గంగుల కాలంలో 13వ శతాబ్దంలో ఇప్పటి కట్టడం లేచింది. గోడల మీద శాసనాలు వరసగా కనిపిస్తాయి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఒకసారి, 1519లో ఒకసారి ఇక్కడికి వచ్చాడు. కళింగ దండయాత్రలో ఉన్న రాజు ఆగి మొక్కిన గుడి ఇది. మండపంలో కప్పస్తంభాన్ని కావలించుకుని కోరిక కోరుకోవడం ఆచారం. బయటికొచ్చాక సింహాచలం సంపంగి పూలు, కొండ మీద పండిన అనాసపళ్ళు అమ్ముతారు. పండు అక్కడే కోయించుకుని తినండి.

ఆషాఢ పౌర్ణమికి ముందు జరిగే గిరి ప్రదక్షిణ ఇంకో అనుభవం. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు రాత్రంతా నడుస్తారు. దారి పొడవునా కాలనీలవాళ్ళు మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పెడతారు. సింహాద్రి అప్పన్న అంటే ఉత్తరాంధ్రకి ఇంటి పెద్ద. ఇక్కడ ఏ వీధిలోనైనా అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాచలం అని పిలవండి, ఎవరో ఒకరు పలుకుతారు.

పాత ఊళ్ళో చూడదగ్గవి ఉన్నాయా?

ఉన్నాయి, ఎవరూ చెప్పరు. జగదాంబ సెంటర్ దాటి వన్ టౌన్ వైపు వెళితే బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు ఉంటుంది. గర్భగుడికి పైకప్పు లేదు. అమ్మవారు ఎండకీ వానకీ ఆరుబయటే. ఎవరైనా స్వయంగా దగ్గరికెళ్ళి పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో వీధులన్నీ ఆడవాళ్ళతో నిండిపోతాయి.

రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. పైనుంచి చూస్తే ఓడలు సన్నటి కాలువలాంటి దారిలోంచి లోపలి రేవుకి వస్తూ పోతూ ఉంటాయి. ఊరి మధ్యలోంచి ఓడ నడిచిపోతున్నట్టు ఉంటుంది. దారులు ఇరుకు, ఆటోలో వెళ్ళండి.

అరకు రైల్లో వెళ్ళాలా, కారులోనా?

వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. ఇక్కడివాళ్ళు ఎవరినడిగినా ఇదే చెబుతారు. కిరండూల్ పాసింజర్ పొద్దున్నే బయల్దేరుతుంది. అద్దాల విస్టాడోమ్ కోచ్‌కి ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి. సీజన్‌లో వారాల ముందే అయిపోతుంది. దొరకలేదని బాధపడకండి. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే కొండగాలి నేరుగా ముఖానికి తగులుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన లైను ఇది. బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. సొరంగం, వంతెన, లోయ, మళ్ళీ సొరంగం. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలంతా ఒక్కసారిగా అరుస్తారు. శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్‌లో ఒకప్పుడు దేశంలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ అదే.

అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చూసుకుని, తిరుగు ప్రయాణంలో అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆగుతూ, బొర్రా గుహలు చూసి దిగండి. పొలాల్లో పసుపుపచ్చటి వలిసె పూలు నవంబరు, డిసెంబరులో ఉంటాయి. ఫొటోల కోసం పూల మధ్యలోకి దిగి తొక్కకండి, అది గిరిజన రైతు పంట. గట్టు మీద నుంచే బాగా వస్తుంది.

బొర్రా గుహల్లో పెద్దవాళ్ళు నడవగలరా?

మొదటి పెద్ద హాలు దాకా నడవగలరు, అది చూసినా చాలు. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్ళు కరిగించి చేసిన గుహలు ఇవి. పైకప్పు నుంచి వేలాడేవి, కింద నుంచి మొలిచేవి రకరకాల ఆకారాల్లో ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ మెట్లు, తడి ఎక్కువ. జారని చెప్పులు వేసుకోవాలి. ఈ గుహల దగ్గర ఉన్న గోస్తనీయే తాటిపూడి జలాశయం మీదుగా వచ్చి భీమిలిలో సముద్రాన్ని కలుస్తుంది. ముందు రోజు భీమిలి చూసినవాళ్ళకి బొర్రా దగ్గర ఈ సంగతి చెప్పండి, నది మొదలూ చివరా చూసినట్టవుతుంది.

లంబసింగి, వంజంగి ఒక్కరోజులో అవుతాయా?

పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి రావాలంటే కాదు. ఈ కొండల మీద చూడాల్సిన మంచు, మబ్బులు సూర్యోదయం వేళకే ఉంటాయి. వంజంగికి పాడేరులోనో, లంబసింగికి చింతపల్లి దగ్గరలోనో ముందు రాత్రి ఉండాలి. స్వెట్టర్లు తీసుకెళ్ళండి.

పిల్లలతో వెళ్ళడానికి?

జూ. 1977 నుంచి ఉంది, కంబాలకొండ అడవి పక్కనే కాబట్టి చెట్లు దట్టంగా ఉంటాయి. సోమవారం సెలవు. అడవిలో నడవగల వయసు పిల్లలైతే కంబాలకొండ ఎకో పార్కు ఇంకా బాగుంటుంది.

ఇక్కడ ఏం తినాలి?

సాయంత్రం బీచ్‌లో మురీ మిక్స్చర్. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేయించిన పల్లీలు, నిమ్మరసం, కారం వేసి గిన్నెలో గలగలా కలిపి పొట్లం కట్టి ఇస్తారు. మెత్తబడకముందే తినాలి. టమాటా బజ్జీని చీల్చి లోపల ఉల్లిపాయ ముక్కలు కూరి ఇస్తారు, అదీ వదలకండి. చేపల్లో కోనాం వేపుడు, చందువా పులుసు అడగండి. అరకు దారిలో వెదురు బొంగులో మాంసం కుక్కి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్ ఉంటుంది. నూనె ఉండదు. అప్పటికప్పుడు బొంగు పగలగొట్టి ఇచ్చేదే తీసుకోండి, ముందే తీసి పెట్టింది వద్దు.

ఇంటికి ఏం తీసుకెళ్ళాలి?

ఏటికొప్పాక లక్క బొమ్మలు. అంకుడు కర్రను తిప్పుతూ లక్కతో రంగు ఎక్కిస్తారు. గింజలు, ఆకులు, బెరళ్ళ నుంచి తీసిన రంగులతో చేసినవి అడిగి తీసుకోండి. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం ఉండదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అరకు కాఫీకి 2019లో వచ్చింది. కాఫీ పొడి, తేనె గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొంటే నమ్మకం. గోధుమ పాలు, నెయ్యితో చేసే మాడుగుల హల్వా ప్రయాణంలో పాడవదు.

ఊళ్ళో తిరగడానికి బస్సులు సరిపోతాయా?

సరిపోతాయి. భీమిలికి 900కే, సింహాచలానికి 6ఏ. ఎవరినడిగినా ఎక్కిస్తారు. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఆటో మాట్లాడుకునేటప్పుడు తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగే సమయంతో సహా ముందే మాట్లాడుకోండి. ఆ రెండు చోట్లా తిరుగు ఆటో దొరకడం కష్టం.

ఫొటోలకు ఎక్కడైనా అభ్యంతరం ఉంటుందా?

ఇది తూర్పు నౌకాదళ కేంద్రం. డాల్ఫిన్స్ నోస్, రేవు, విమానాశ్రయం చుట్టుపక్కల నిషేధిత బోర్డులు ఉన్నచోట కెమెరా తీయకండి. డ్రోన్ అసలు తీసుకురాకండి.

సాయంత్రం రైలుంది, మధ్యాహ్నం దాకా ఖాళీ. ఏం చూడొచ్చు?

సూర్యుడు సముద్రంలోంచి లేచే ఊరు ఇది, కాబట్టి పొద్దున అయిదున్నరకే ఆర్కే బీచ్‌కి వెళ్ళండి. ఆ వేళకు రోడ్డు మీద నడిచేవాళ్ళకే చోటు. అటునుంచి బురుజుపేట అమ్మవారు, మూడు కొండల్లో ఒకటి ఎక్కి ఓడలు చూసి, పూర్ణా మార్కెట్ మీదుగా వెనక్కి రండి. సామాను స్టేషన్‌లోని క్లోక్ రూమ్‌లో పెట్టుకోవచ్చు, బ్యాగులకు తాళం ఉండాలి.